చెవికి అందని వెండి

మా ఆయన ఎల్డన్ మాసార్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాల ట్యాంకరు నడిపాడు. గ్రీన్ బే ఊరికి ఈశాన్యంగా, బెల్జియం నుంచి వచ్చి స్థిరపడ్డ మా వాళ్ళ పల్లెల్లో ఆయన ఎక్కని డెయిరీ గడప లేదు. ఏ రైతు ఆవు ఎప్పుడు ఈనిందో, ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో పాలతోపాటు అవన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. అయితే మా ఊళ్ళో ఆయన్ని తలచుకునేది పాల గురించి కాదు, శనివారాల గురించి. మిగతా మగాళ్ళు శనివారం వస్తే చేపలకి పోతారు. నా మొగుడు మాత్రం మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని జనం పెరళ్ళ మీద పడేవాడు. ఇంట్లో చీపురు ముట్టుకోని మనిషి ఊళ్ళో నేలంతా ఊడ్చిపెట్టాడు.

ఆ పనిలో ఆయనకి పట్టింపులెక్కువ. అడగకుండా ఎవరి కంచే దాటడు. ముందు తలుపు కొట్టి, టోపీ తీసి, ఎందుకొచ్చాడో చెప్పి, వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేస్తాడు. ఒప్పుకుంటే అప్పుడు మిషను తీస్తాడు. మిషను పలికిన చోట గడ్డిని మూడు వైపులే కోస్తాడు. నాలుగో వైపు వదిలేసి, దాన్ని పెట్టె మూతలా పైకెత్తి, కింది మట్టిని పాత తువ్వాలు మీద పోస్తాడు. వస్తువు దొరికాక మట్టి తిరిగి పోసి, మూత మూసి, కాలితో అదిమి, నీళ్ళు చిలకరిస్తాడు. మర్నాడు ఇంటివాళ్ళే వెతుక్కున్నా ఆ చోటు కనిపించదు. ఆగస్టులో ఎండలు ముదిరితే అసలు తవ్వడు, కోసిన గడ్డి మళ్ళీ అతుక్కోక గుండ్రంగా ఎండిపోతుందని. ఒకసారి ఈ డిటెక్టర్ల వాళ్ళ క్లబ్బులో కొత్తగా చేరినతను ఆగస్టులో బడి ముందు లాన్ తవ్వి, వారం తిరిగేసరికి దాన్ని మచ్చలమయం చేశాడు. మా ఆయన తన తప్పు కాకపోయినా హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పి, గడ్డి గింజలు కొని తనే చల్లి వచ్చాడు.

చెత్త కూడా వదలడు. బీరు డబ్బా తెరవడానికి లాగే రింగూ బంగారపు ఉంగరమూ మిషనుకి ఒకేలా వినపడతాయట. అందుకని బద్ధకస్తులు ఆ చప్పుడు రాగానే పట్టించుకోకుండా ముందుకి పోతారు. ఈయన ప్రతి రింగూ తవ్వుతాడు. అలా ఎవరెవరివో పెళ్ళి ఉంగరాలు తవ్వి తెచ్చి ఇచ్చాడు కూడా. ఇక మట్టిలోంచి వచ్చిన వెండిని ఎవరైనా బొటనవేలితో రుద్దితే తన ఒంటి మీద గీసినట్టు బాధపడిపోతాడు. మట్టిలో సన్నని ఇసుక ఉంటుంది, రుద్దితే గీతలు పడతాయి. నీళ్ళ సీసాలో వెయ్యాలి, అది మెల్లగా తనంతట తానే బయటపడాలి. మనుషుల విషయంలో కూడా అంత ఓపికుంటే నేనింకా సుఖపడేదాన్ని.

పని అయ్యాక ఇంటివాళ్ళ వరండా మెట్ల మీద సంచీ బోర్లిస్తాడు. మేకులు, సీసా మూతలు, రింగులు, నాణేలు, అన్నీ. "మీ నేలలోవి. ఏది కావాలంటే అది తీసుకోండి," అంటాడు. చాలామంది ఒక పాత నాణెం తీసుకుని మిగతావి ఆయనకే ఇచ్చేవారు. చివరికి ఒక మాట చెప్పేవాడు: "ఇంక ఈ నేల శుభ్రం." అంటే అందులో వెతకాల్సిందేమీ మిగల్లేదని. మా ఊళ్ళో ఆ మాటకి ఎదురు లేదు. ఎల్డన్ శుభ్రం అన్నాడంటే శుభ్రమే. ఇంకెవరైనా మిషను పట్టుకొస్తే, "అది ఎల్డన్ చూసేశాడు," అని గుమ్మంలోంచే పంపేసేవారు.

ఇదంతా చెవి పని. పందొమ్మిది వందల అరవై నాలుగు దాకా డైములూ క్వార్టర్లూ, అంటే పది సెంట్ల, పాతిక సెంట్ల నాణేలు, వెండితోనే పోసేవారు, ఆయన వెతుక్కునేది అవే. ఇనుము గొణుగుతుంది, రింగులు నత్తినత్తిగా పలుకుతాయి, వెండి మాత్రం సన్నగా, పైస్థాయిలో, చిన్న గంట కొట్టినట్టు మోగుతుంది. పెళ్ళయిన కొత్తలో తన హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించి, "విను రీటా, విను," అనేవాడు. బాగానే ఉండేది. బాగుందంటే నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆయనకి వెండి దొరకడం మానేసింది. శుక్రవారం వేయించిన చేపలు తినడానికి అందరం ఊరి బారులో చేరినప్పుడు, "ఈ జిల్లాలో వెండి అయిపోయింది," అని తీర్పు చెప్పేవాడు. క్లబ్బులో ఎవరైనా వెండి డైము చూపిస్తే, "అదృష్టవంతుడివి," అనేవాడు. అది నిజంగానే అయిపోయిందని నమ్మాడు. నేనూ నమ్మాను. ఇంట్లో ఓవెన్ గంట మోగినా లేచేవాడు కాదు. వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత మొగుడికి పెళ్ళాం మాట వినపడకపోతే డాక్టరు దగ్గరికి పరిగెత్తే ఆడది ఎవరైనా ఉందా? కాపురమంటే ఇంతే అనుకున్నాను.

పోయిన మే నెలలో ఒక శనివారం వెండెల్ లాంపెరూర్ వాళ్ళ పాత ఆపిల్ తోటకి వెళ్ళాం. ఆయన వెతుకుతాడు, నేను ట్రక్కు వెనక తలుపు దించుకుని కూచుని శాండ్‌విచ్‌లు కడతాను, అది మా పద్ధతి. ఆ రోజు హెడ్‌ఫోన్ల తీగ తెగింది. మా కుక్క కొరికిపెట్టింది. సరేలెమ్మని మిషన్‌కున్న చిన్న స్పీకరు మీదే మొదలుపెట్టాడు. నేను పందిమాంసం ముక్కలు కోస్తున్నాను. చెట్ల మధ్య సన్నగా గంట మోగింది. ఎన్నేళ్ళ తర్వాత విన్నానో, చేతిలో కత్తి ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆయన ఆగలేదు. ఆ చోటు దాటి ముందుకు పోతున్నాడు.

"ఎల్డన్, అక్కడ మోగింది కదా, తవ్వవేం?" అని అరిచాను.

"ఎక్కడ?"

"ఇందాక, ఆ వంకర చెట్టు దగ్గర."

"అక్కడేం లేదు. పిట్ట కూసి ఉంటుంది."

"పిట్టకీ నీ మిషన్‌కీ తేడా తెలీకుండానే ఇన్నాళ్ళూ నీతో తిరిగానా? వెనక్కిరా."

గొణుక్కుంటూ వచ్చి మిషను అటూ ఇటూ ఊపాడు. స్పష్టంగా మోగింది. నేను ఆయన మొహం చూస్తున్నాను, ఆయన నా మొహం చూస్తున్నాడు. "ఇప్పుడా?" అన్నాడు. "ఇప్పుడే," అన్నాను. ఇంకోసారి ఊపాడు. "ఇప్పుడూనా?" "ఇప్పుడూ మోగింది." మోకాళ్ళ మీద కూచుని, గడ్డి మూత కోసి, తవ్వి వెండి డైము తీశాడు. ముఖంలో సంతోషం లేదు. లేచి, పొద్దున్నుంచీ తను నడిచిన వరస వెంబడే వెనక్కి నడవడం మొదలెట్టాడు. "మోగిన చోటల్లా చెప్పు," అన్నాడు. చెప్పాను. ఆ వరసలో మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

తర్వాత ట్రక్కు మీద నా పక్కన కూచున్నాడు. శాండ్‌విచ్ చేతిలో పెడితే పట్టుకున్నాడు కానీ తినలేదు. చివరికి ఒక్క పేరు అన్నాడు.

"ఫ్లోరియన్."

ఆ పేరు ఎందుకన్నాడో నాకు వెంటనే తెలిసిపోయింది.

ఫ్లోరియన్ జాడిన్ భార్య జెనెవీవ్ మా చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. చిన్నప్పుడు మా ఆయనకి ప్రార్థనలు నేర్పిందావిడే, అందుకే ఈ వయసులో కూడా ఆవిణ్ణి మిసెస్ జాడిన్ అనే పిలుస్తాడు. పెళ్ళికి ముందు ఫ్లోరియన్ ఒక వెండి క్వార్టర్ తీసుకుని, ఒకవైపు అరగదీసి నున్నగా చేసి, ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలూ ఉక్కు సూదితో చెక్కి ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని గొలుసుకి వేసుకుని మెళ్ళో వేసుకునేది. పెళ్ళయిన రెండో ఏడో మూడో ఏడో, కోతలయ్యాక చర్చి వెనక మైదానంలో జరిగే కెర్మిస్ పండగలో అది పోయింది. డాన్సు చేస్తుంటే గొలుసు తెగి గడ్డిలో పడిపోయిందని ఆవిడ చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ ఎక్కువగా డాన్సు చేసింది గ్రీన్ బే నుంచి అకార్డియన్ వాయించడానికొచ్చిన కుర్రాడి అన్నతో.

అదే ఫ్లోరియన్‌కి జీవితాంతం హాస్యమైపోయింది. పేకాటకి కూచున్నప్పుడల్లా, "మా ఆవిడ నాణెం ఎవరికిచ్చిందో అడగండి," అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది, నవ్వుతూనే పేకముక్కని బల్ల మీద కాస్త గట్టిగా కొట్టేది. ఇలా యాభై ఏళ్ళు నడిచింది. చివర్లో ఫ్లోరియన్‌కి గుండె జబ్బు ముదిరాక, ఎవరికీ చెప్పకుండా మా ఆయన్ని పిలిపించుకుని ఆ మైదానం వెతికిపెట్టమన్నాడు. హాస్యమాడే మనిషికి లోపల నిజంగానే అనుమానం ఉండేదని అప్పుడు అర్థమైంది. మా ఆయన ఆ వేసవిలో చాలా శనివారాలు ఆ మైదానం మీదే ఉన్నాడు. జాడిన్‌ల మెట్ల మీద సంచీ బోర్లించాడు. మేకులూ రింగులూ తప్ప ఏమీ లేవు. "ఫ్లోరియన్, ఆ నేల శుభ్రం. అక్కడ లేదు," అని చెప్పాడు.

ఆ రోజు నుంచి ఫ్లోరియన్ ఆ హాస్యం మానేశాడు. అలవాటుగా ఇంకెవరో ఎత్తితే, "నీ ముక్క వెయ్యి," అన్నాడు. బల్ల దగ్గర నేనూ ఉన్నాను. మిసెస్ జాడిన్ తన చేతిలో ముక్కల వంకే చూస్తూ కూచుంది. ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయాడు.

మంగళవారం చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ట్యాంకరు డీజిల్ ఇంజనూ, పాలు తోడే పంపూ కలిసి సన్నటి పైస్థాయి శబ్దాలన్నీ తినేశాయని చెప్పింది. కిందిస్థాయివి బాగానే వినపడుతున్నాయట. ఎప్పట్నుంచి అని అడిగాడు. మెల్లగా పోయుంటాయి, ఏళ్ళే అయ్యుంటుంది అంది. చెవికి పెట్టుకునే మిషన్లు రావడానికి కొన్ని వారాలు పడుతుందంది. వారాలు మా దగ్గర లేవు. మూడు చర్చిలు కలిపేసి ఒకటి చేస్తున్నారు. వచ్చే సోమవారం ఆ మైదానం తవ్వి హాలు కట్టడం మొదలుపెడతారు. తవ్విన మట్టి లారీల్లో ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు.

దారిలో నేనో సలహా ఇచ్చాను. "శనివారం మనిద్దరం వెళ్దాం. నువ్వు ఊపు, నేను వింటాను. దొరికితే పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెడదాం."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది. ముసలావిడ మనసు మళ్ళీ ఎందుకు కెలకడం?"

"అంటే దొరక్కపోతే చెప్పొద్దనేగా నువ్వనేది."

"అదే అంటున్నాను."

"అందుకే ముందు చెప్పాలి," అన్నాడు.

ఈ మనిషితో నేను చాలాసార్లు పోట్లాడాను. ఓవెన్ గురించి, కుక్క గురించి, బురద బూట్లతో ఇంట్లోకి రావడం గురించి. ఆ మాట మీద మాత్రం పోట్లాడలేదు. ఇలాంటి వాణ్ణి కట్టుకున్నందుకు ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. ఇదీ ఆయనకి చెప్పలేదు.

శనివారం పొద్దున్నే జాడిన్‌ల వరండాలో నిలబడ్డాం. ఆవిడ జాలీ తలుపు తెరిచి బయటికొచ్చింది. ఎనభై దాటినా నిటారుగా ఉంటుంది. మా ఆయన సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. చెవులు పోయాయని, ఎప్పుడు పోయాయో తెలీదని, వెండి మోగితే తనకి వినపడదని, మైదానం శుభ్రం అన్నది తప్పు మాటని. సమర్థించుకోడానికి ఒక్క ముక్క కలపలేదు.

ఆవిడ తలుపు పిడి పట్టుకునే అంతా వింది.

"ఫ్లోరియన్ నీ మాట నమ్మి పోయాడు," అంది.

"అవునండీ."

"నా మాట కాదు."

"అవునండీ."

వెనక్కి తిరిగి లోపలికెళ్ళిపోయింది. తలుపు పడింది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. వెళ్ళిపోదామని నేను చెయ్యి లాగితే ఆయన కదల్లేదు. లోపల ఏదో అలమర తెరిచిన చప్పుడయింది. తిరిగొచ్చేసరికి ఆవిడ కాళ్ళకి ఫ్లోరియన్ రబ్బరు బూట్లున్నాయి.

"పద," అంది.

మైదానంలో నేను హెడ్‌ఫోన్లు తీసుకోబోతే ఆవిడ చెయ్యి చాపింది. "నా వస్తువు, నేనే వింటాను. ఆర్గన్‌లో ఒక్క గొట్టం శ్రుతి తప్పినా పట్టుకునే చెవులివి," అంది. ఆ మాట నిజమే. తీగ కొత్తది వేయించాం కానీ అది పొట్టిది. అందువల్ల ఆయన ఎటు అడుగేస్తే ఆవిడా అటే వెయ్యాలి. ఆయన మిషను ఊపుతూ, ఆవిడ పక్కనే తీగ పట్టుకుని, ఇద్దరూ ఒక్కో అడుగే జరుగుతుంటే చర్చి మెట్ల మీద కూచున్న నాకు నవ్వొచ్చింది.

"మళ్ళీ డాన్సు మొదలైందే మిసెస్ జాడిన్," అన్నాను.

"ఆ అకార్డియన్ కుర్రాడి అన్న దీనికన్నా బాగా అడుగులేసేవాడు," అంది.

మొదట్లో పని తెమల్లేదు. ఆవిడకి చప్పుళ్ళన్నీ వినపడేవి, ఏది ఏమిటో తెలిసేది కాదు. ఆయనకి ఏది ఏమిటో తెలుసు, వినపడేది కాదు. "ఎలా ఉంది?" అంటాడు. "సన్నగా ఉంది," అంటుంది. "సన్నగా అంటే?" "సన్నగా అంటే సన్నగానే." ఇద్దరికీ కోపాలొచ్చాయి. ఆఖరికి ఆవిడ విసుగెత్తి, చెవిలో వినపడిన శబ్దాన్ని గొంతుతో పాడి చూపించింది. అది పైస్థాయిలో ఉంటే ఆయనకి అందదని, అదే స్వరాన్ని బాగా కిందికి దింపి, ఛాతీలోంచి హమ్ చేసింది. మా ఆయన ఆగిపోయాడు.

"మళ్ళీ అనండి," అన్నాడు.

అంది.

"అది డబ్బా రింగు," అన్నాడు. తవ్వితే రింగే.

అప్పట్నుంచి పని సాగింది. మిషను ఆవిడ చెవిలో పలుకుతుంది, ఆవిడ కిందిస్థాయిలో పాడుతుంది, ఆయన విని ఏమిటో చెప్పి తవ్వుతాడు. ఒక్కోచోట రెండువైపుల నుంచీ ఊపి, రెండుసార్లూ ఒకేలా పాడుతుందా అని చూసేవాడు. మధ్యాహ్నానికి వెండి రావడం మొదలైంది. డైములు, ఒక అర డాలరు, ఎవరిదో వెండి శిలువ. ఇదివరకు ఆయన దాటిపోయినవే అన్నీ. తీసిన ప్రతిదాన్నీ నీళ్ళ సీసాలో వేస్తూ, "ఇదీ వదిలేశాను," అనేవాడు. అలా ఎన్నోసారి అన్నప్పుడో ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "లెక్కపెట్టుకోకు నాయనా, నడు," అంది. వెలుతురు పోయేదాకా చూశాం. నాణెం దొరకలేదు.

ఆదివారం ప్రార్థనలో చివరి పాటని ఆవిడ ఎన్నడూ లేనంత వేగంగా వాయించేసింది. జనం నోరు తెరిచేలోపే అయిపోయింది. అప్పటికే సంగతి ఊరంతా పాకింది కాబట్టి ఎవరూ ఇళ్ళకి పోలేదు. వెండెల్ వాళ్ళు పెద్ద గిన్నె నిండా బూయా తెచ్చారు, కోడీ కూరగాయలూ వేసి రాత్రంతా ఉడికించింది. మైదానం అంచున నిలబడి తలా ఒక గిన్నె తాగుతూ చూస్తున్నారు. అవతలి మూల పసుపుపచ్చ బుల్డోజరు రెడీగా నిలబడి ఉంది.

"ఎల్డన్, మా ఇంటి పెరడు కూడా శుభ్రం అన్నావు కదా," అని వెండెల్ కేకేశాడు.

"తప్పు చెప్పాను. బుధవారం వస్తా," అన్నాడు మా ఆయన. అలా ఎన్ని గుమ్మాలెక్కి చెప్పుకోవాలో అప్పటికే మనసులో అనుకుని ఉన్నాడు. తర్వాత ఒక్కటి కూడా వదలకుండా ఎక్కాడు.

"నాకూ మా ఆవిడ మాట వినపడదు. నాకు మాత్రం డాక్టరమ్మ చీటీ రాయదేం," అన్నాడు వెండెల్. వాళ్ళావిడ గరిటతో ఒకటిచ్చింది.

పొద్దు వాలుతుండగా, వెతుకుతూ వెతుకుతూ ఆవిడా మా ఆయనా బుల్డోజరు నీడలోకి చేరారు. నేను బూయా గిన్నె పట్టుకెళ్ళి, కాసేపు కూచోమని మిసెస్ జాడిన్‌ని బతిమాలుతున్నాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. కళ్ళు మూసుకుని విని, మెల్లగా పాడింది. ఒకటే స్వరం, వణుకు లేకుండా. మా ఆయన అటు తిరిగి ఇంకోవైపు నుంచి ఊపాడు. మళ్ళీ అదే స్వరం. అంచున జనం గిన్నెలు దించారు.

"వెండే. డైము కాదు, పెద్దది," అన్నాడు.

మోకాళ్ళ మీద కూచుని గడ్డిని మూడు వైపులే కోశాడు. తువ్వాలు పరిచి మట్టి దాని మీద పోశాడు. "రేపు పొద్దున్నే ఆ బండి వచ్చి పీకేసే గడ్డి అది, దానికెందుకంత మర్యాద?" అన్నాను. వినపడిందో లేదో తెలీదు, జవాబివ్వలేదు. జానెడు లోతులో వేళ్ళతో తడిమి ఒక నల్లటి బిళ్ళ తీశాడు. రుద్దలేదు. ఆవిడ అరచేతిలో పెట్టి సీసాలో నీళ్ళు మెల్లగా పోశాడు. మట్టి కరిగి వేళ్ళ మధ్య నుంచి కారిపోయింది. ఒకవైపు నున్నగా ఉంది. దాని మీద సూదితో చెక్కిన రెండు వంకర అక్షరాలు. పైన రంధ్రంలో గొలుసు ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. దాని చివరి లంకె నోరు తెరుచుకుని సాగిపోయి ఉంది. ఎవరూ విప్పింది కాదది, తెగింది.

మా ఆయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టి, నాణెం గుప్పిట్లో బిగించి, పెద్ద బూట్లు ఈడ్చుకుంటూ మైదానం దాటి చర్చి పక్కన సమాధుల్లోకి నడిచింది. ఎవరూ వెంట వెళ్ళలేదు. ఆయన గుంటలో మట్టి పోసి, గడ్డి మూత మూసి, చేత్తో అదుముతున్నాడు. అప్పుడు వినపడింది ఆవిడ గొంతు.

"చూడు ఫ్లోరియన్. ఇదిగో, బాగా చూడు. తెగిందని చెప్పానా లేదా? యాభై ఏళ్ళు చెప్పాను. పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశావు, నేనూ నవ్వాను. పోయే ముందు నవ్వడం కూడా మానేశావు. ఆ ఎల్డన్‌కి చెవుడు, వచ్చి ఒప్పుకున్నాడు. నీకేం రోగం?"

మళ్ళీ ఆవిడ గొంతే, ఇందాకటి కన్నా కిందికి దిగి వచ్చింది.

"జరుగు. కూచోనీ. కాళ్ళు లాగుతున్నాయి."

నేను మా ఆయన పక్కన గడ్డిలో కూలబడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన తల వంచుకుని ఇంకా ఆ గడ్డినే అదుముతున్నాడు.

"వినపడిందా?" అని అడిగాను.

"అంతా వినపడింది," అన్నాడు.